ఓబులమ్మ ముక్కు

ఓర్వకల్లు చుట్టుపక్కల పెండ్లి భోజనమంటే ఓబులమ్మ వండాల్సిందే. కడపలో పప్పు మాడితే ఈమె ఇక్కడ తుమ్ముతుందని జనం చెప్పుకుంటారు. విమానాశ్రయం వాళ్ళొచ్చి సామాన్లు వాసన చూడ్డానికి ఆ ముక్కును బాడుగకు అడిగిపోయారని మొగుడు లేవి ఒట్టేసి మరీ చెబుతాడు.

ఈసారి పెండ్లి సొంత కూతురు జీవితది. "పెండ్లికూతురి తల్లివి, పొయ్యి కాడికొచ్చినావంటే కాళ్ళిరగ్గొడతా" అని చెల్లెలు మరియమ్మ గరిటె లాక్కుని, ఆమెను చర్చిలో ముందు వరుసలో కూర్చోబెట్టింది.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే కిటికీలోంచి వాసన వచ్చింది. పలావు అడుగంటుతోంది. ఇప్పుడే పోయి మంట తీస్తే దక్కుతుంది, లేదంటే ఇన్నేళ్ళ పేరూ ఆ గుండిగలోనే మాడిపోతుంది. ఓబులమ్మ లేవబోయింది.

"యాడికి పోతాండావు?" అని లేవి కొంగు పట్టుకున్నాడు.

"మాడుతాండాది! నీకు వాసన తెలీడంల్యా?"

"మాడనీలే. ఈ పొద్దన్నా నీ ముక్కుకు సెలవియ్యి."

ఎదురుగా జీవిత తలొంచుకుని నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి పొయ్యిల ముందు నిలబడిన మోకాళ్ళు ఇక లేవలేమన్నాయి. ఓబులమ్మ కూర్చుండిపోయింది.

బంతిలో అందరూ మొహాలు చిట్లించారు. "ఓబులమ్మ ఇంట్లోనే మాడు పలావా?" అని ఎవరో నవ్వారు కూడా. మరియమ్మ కళ్ళనీళ్ళతో వడ్డిస్తూ అక్క దగ్గరికి వచ్చింది. ఓబులమ్మ అప్పటికే సగం తినేసింది. తన చేతులు నొప్పి పుట్టకుండా వేడివేడిగా ఆకులోకి వచ్చిన తిండి ఆమెకు గుర్తున్నంతలో ఇదే మొదటిది.

"ఇంగా రవంత ఎయ్ మే," అంది.