ఎడమచేతివాటం పిచర్

వెలుగుతున్న తెల్లటి పలక ముందు సీసాలు ఒకదాని వెనక ఒకటి కదిలిపోతున్నాయి. ఆమె కన్నార్పకుండా చూస్తోంది. మెడ దగ్గర సన్నటి గీత ఉన్న సీసాను చూపుడువేలితో పక్కకు నెట్టింది. అనుమానం వచ్చిన మరోదాన్ని తీసి గేజి పెట్టి కొలిచింది. ముప్పైనాలుగేళ్ళుగా ఇదే పని. చూపుడువేలి కొస అరిగి నున్నబడింది. కర్మాగారంలో అందరికీ ఆమె పెద్దక్క.

భోజనాల గంట మోగగానే విశ్రాంతి గదిలోని కంప్యూటర్ దగ్గరికి నడిచింది. స్టోర్‌కీపర్ అప్పటికే కాచుకుని ఉన్నాడు. వాళ్ళిద్దరిదీ బేస్‌బాల్ జట్లను నడిపే ఆట. విసరడం, కొట్టడం కంప్యూటర్ చూసుకుంటుంది. ఎవరిని తీసుకోవాలి, ఎప్పుడు దించాలి అన్నదే వీళ్ళ పని. ఆటగాళ్ళ గణాంకాలు ఒక పట్టికలో ఉంటాయి. వాళ్ళను చూసొచ్చిన పరిశీలకుల మాటలు మరో పేజీలో. స్టోర్‌కీపర్ పట్టిక దాటి చూడడు. వరుసగా ఆరు సీజన్లు అతనే గెలిచాడు. పెద్దక్క మొదట్లో మాటలు నమ్మి మునిగింది, తరువాత అంకెలు నమ్మి మళ్ళీ మునిగింది.

ఇవాళ ఫైనల్. ఆఖరి ఇన్నింగ్స్. ఆమె జట్టుకు ఒక్క పరుగే ఆధిక్యం. అవతలివాళ్ళు మూడు బేస్‌ల మీదా నిలబడి ఉన్నారు. ఇంకొక్కడు అవుటైతే గెలుపు. బంతి విసరడానికి ఆమె ఎడమచేతివాటం పిచర్‌ను దించింది.

గదంతా గొల్లుమంది.

"వాడినా!" అన్నాడు స్టోర్‌కీపర్. "పోయినేడు పాత జట్టులో వాడిచ్చినన్ని పరుగులు ఎవడూ ఇవ్వలేదు. చేజేతులా పోగొట్టుకుంటున్నావక్కా!"

"వాడి బంతి చివర్లో చటుక్కున కిందికి జారుతుందని పరిశీలకుడు రాశాడు."

"రాయడానికేం, ఎవడైనా రాస్తాడు."

"నేనూ అదే అనుకున్నా. అందుకే పట్టిక మళ్ళీ తిరగేశా. బ్యాటు తగలనివ్వకుండా వాడు అవుట్ చేసినవాళ్ళు నీ జట్టులోని మొనగాడు పిచర్ లెక్క కంటే ఎక్కువ. పరుగులు పోయింది వెనకున్న మొద్దులు బంతి అందుకోలేక. కన్ను అనుమానపడాలి తమ్ముడూ, గేజి తేల్చాలి."

మొదటి బంతికి బ్యాటు గాలిని కొట్టింది. రెండోదానికీ అంతే. మూడోసారీ తప్పితే ఆట ముగిసినట్టే. గదిలో నములుతున్న నోళ్ళు ఆగాయి. బంతి నేరుగా వచ్చి, బ్యాటర్ మోకాళ్ళ దగ్గర చటుక్కున జారిపోయింది.

అవుట్!

ప్యాకింగ్‌వాళ్ళు టిఫిన్ మూతలు దడదడ వాయించారు. ఎవరో ఆమెను కుర్చీతో సహా పైకెత్తారు. "దించండర్రా, నడుం విరుగుద్ది!" అంటూ చిన్నపిల్లలా నవ్వింది.

స్టోర్‌కీపర్ రెండు చేతులూ ఎత్తేశాడు. "ఆ పట్టిక నేను రోజూ చూశానక్కా. చదవలేదు. రేపు చూడు నా తడాఖా!"

ఆమె అతని భుజం తట్టి పనిలోకి వెళ్ళింది.

అయిదింటికి ఏప్రన్ విప్పి మడిచి సూపర్‌వైజర్‌కు అప్పగించింది. ఆ రోజుతో ఆమె సర్వీసు పూర్తయింది. సభా, దండలూ వద్దని, ఎవరికీ చెప్పొద్దని మేనేజర్‌తో ముందే చెప్పుకుంది. గెలిచి వెళ్తున్న మనిషిలా తలెత్తుకుని గేటు దాటింది.

మరునాడు భోజనాల గంటకు స్టోర్‌కీపర్ వచ్చి ఆమె కుర్చీ లాగాడు. అందులో రంగురంగుల గుడ్డపీలికలు కలిపి కుట్టుకున్న మెత్త, మధ్యలో ఆమె కూర్చున్నంత మేర ఇంకా పల్లంగానే ఉంది.