బాగున్నవాడి రక్తం

"కట్టేస్తే పోతుంది కదా, లెంపీ," అని ఆర్నీ మళ్లీ అన్నాడు.

"పోయేది మన డబ్బు. అది పోవడం నాకు కనిపిస్తూనే ఉంది," అంది లెంపి. గుడ్డు పగలగొట్టిన తీరులోనే ఆమెకు ఎంత కోపం వచ్చిందో తెలిసిపోతోంది. పెంకు ముక్క గిన్నెలో పడింది. వేలితో తీసి సింకులోకి విసిరేసింది.

రాత్రి భోజనాల దగ్గర మొదలైన తగువు అది. పడుకుంటే చల్లారుతుందనుకున్నాడు ఆర్నీ. తెల్లారేసరికి ఇంకా రాజుకుంది. కాఫీ కప్పుల మధ్య ఆసుపత్రి వాళ్లు పంపిన బిల్లు పడి ఉంది. మార్చిలో తీసిన రక్తానికి మూడు వందల పద్దెనిమిది డాలర్లు. అందులో మెడికేర్, అంటే ముసలివాళ్లకి ప్రభుత్వం నడిపే వైద్య బీమా, ఇచ్చింది సున్నా.

"పెద్దయ్యాక ప్రభుత్వమే చూసుకుంటుందన్నారు. నువ్వు కౌంటీ రోడ్ల మీద మంచు తోసినన్నాళ్లూ, నేను బడి వంటగదిలో గిన్నెలు తోమినన్నాళ్లూ ప్రతి జీతంలోంచీ మెడికేర్‌కని కోసుకున్నారు. ఇది మామూలు జీతంలే, దీన్ని వదిలేద్దాం అని ఒక్కసారైనా అన్నారా? ఇప్పుడేమో నీది మామూలు రక్తమట. దానికి ఇవ్వరట!"

"రక్తం కాదే, పరీక్ష మామూలుదట. ఏ జబ్బూ లేకుండా ఊరికే చేసింది."

"ఎవరి పక్షమయ్యా నువ్వు?"

ఆర్నీ కాఫీలో చక్కెర కలుపుకుంటూ నవ్వాడు. "రక్తదాన శిబిరం వాళ్లే నయం. తీసుకుని బిస్కెట్టూ జ్యూసూ ఇచ్చి పంపేవాళ్లు. వీళ్లు తీసుకుని బిల్లిచ్చారు."

లెంపి నవ్వలేదు.

"సూది గుచ్చేముందు సంతకం పెట్టించుకున్నారులే," అన్నాడు అతను. "మెడికేర్ ఇవ్వకపోతే నేనిస్తానని. పెట్టినవాణ్ణి కట్టాలి."

"చదివే పెట్టావా?"

"వెనకాల కర్ర పట్టుకుని ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఆవిణ్ణి నిలబెట్టి తీరిగ్గా చదువుకోమంటావా?"

లెంపి గుడ్డు గిలక్కొట్టింది. ఆమె అయినా అంతే చేసేది. ఈ ఊళ్లో అందరూ అంతే. తమ మూలంగా ఇంకొకరు క్షణం ఆగారంటే తల కొట్టేసినట్టుంటుంది వీళ్లకి. ఆ మర్యాద ఖరీదు ఇప్పుడు బల్ల మీద పడి ఉంది.

అసలు ఆమె మంట ఆ డబ్బొక్కదాని గురించే కాదు. బిల్లు రాకముందే డాక్టరు దగ్గర్నుంచి నర్సు ఫోను చేసింది. రక్తం కొంచెం తక్కువగా ఉంది, ఎందుకు తగ్గుతోందో చూడాలి, ఒకసారి వచ్చి డాక్టరుతో మాట్లాడి మళ్లీ రక్తం ఇచ్చి వెళ్లమంది. ఆర్నీ సరేనన్నాడు. ఈ బిల్లు వచ్చాక మాత్రం మాట మార్చాడు.

"ఇది కట్టేస్తాను. రెండోసారి రక్తం ఇచ్చేది లేదు," అని లేచాడు. "ఒకసారి గాలానికి పడ్డ చేప మళ్లీ అదే గాలం దగ్గరికి పోదు. నేను చేప కంటే తెలివైనవాణ్ణి."

"చేపకి రక్తం తక్కువ లేదు!"

"నేను బాగానే ఉన్నాను, లెంపీ."

తలుపు మెల్లగా మూసుకుని బయటికి పోయాడు. అతను తలుపు ధడాలున వేసిన రోజు వాళ్ల కాపురంలో లేదు. ఒక్కసారైనా వేస్తే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

ఆసుపత్రిలో బిల్లుల సంగతి చూసేవాళ్లు ఫోను ఎత్తేసరికి రొట్టె పిండి పొంగి గిన్నె అంచు దాటింది. ఎత్తిన అమ్మాయి గొంతు మెత్తగా ఉంది. అదీ లెంపికి ఒళ్లు మండించింది. పెంకి గొంతయితే తిట్టడం సులువు.

"ఆ రోజు జరిగింది ఏటా ఒకసారి ఉచితంగా మాట్లాడి పంపే విజిటండీ," అంది ఆ అమ్మాయి. "ఆ మాట్లాడటానికి మెడికేర్ ఇచ్చేసింది. ఈ రక్తపరీక్షలు దాంట్లోకి రావు. ఫలానా బాధ ఉంది, అదేమిటో చూడాలి అని డాక్టరు రాస్తే మెడికేర్ ఇస్తుంది. ఊరికే చూసుకోవడానికి చేయిస్తే చాలావాటికి ఇవ్వదు."

"అంటే జబ్బు ముదిరాక వస్తే వాళ్లిస్తారు. ముదరకుండా చూసుకుందామని వస్తే మేమివ్వాలి. అంతేనా?"

"రూల్సు నేను పెట్టలేదమ్మా."

"పెట్టినవాళ్ల నంబరుందా?"

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. "ఆ రోజు పేషెంటు ఏ ఇబ్బందీ లేదన్నారని రాసి ఉందండీ. బాగానే ఉన్నాను అన్నారట."

"ఆయన ఎప్పుడూ అదే అంటాడు! మంచు తోసే బండి కాలవలో తిరగబడి, బెల్టుకి తలకిందులుగా వేలాడుతూ కూడా, అద్దంలోంచి తొంగిచూసిన పోలీసుతో అదే అన్నాడు!"

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకుంది. "మాకు ఆ సంగతి తెలీదు కదండీ."

"ఇప్పుడు తెలిసింది కదా. మార్చి రాయండి."

"ఆ రోజు చెప్పని మాటని ఇవాళ ఎలా రాస్తాం? కానీ డాక్టరు మళ్లీ రమ్మన్నారు కదా. వచ్చి ఎలా ఉందో తన నోటితో చెప్పమనండి. అప్పుడు చేసే పరీక్షకి ఒక కారణం ఉంటుంది, మెడికేర్ దానికి ఇస్తుంది. ఆయనకి ఏమైనా ఇబ్బందిగా ఉందా అమ్మా?"

లేదు అనే మాట లెంపి నాలుక చివరిదాకా వచ్చేసింది. డెబ్భై ఏళ్ల అలవాటు అది. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. షెడ్డు నీడన ఇంకా కరగని మంచు, దాని పక్కన పొయ్యిలోకి బర్చి చెట్టు దుంగలు. పోయిన శరదృతువులో తెచ్చి పడేసినవి. ఏటా తొలి మంచుకి ముందే చీల్చి గోడ కట్టినట్టు పేర్చేవాడు. ఈసారి గొడ్డలి పిడి వదులైందన్నాడు. బిగించడానికి ఎంతసేపని ఆమె అడగలేదు.

"కనుక్కుని చెప్తాను," అని ఫోను పెట్టేసింది.

పొంగిన పిండిని పిడికిలితో గుద్దింది. చర్చి నేలమాళిగలో కాఫీలప్పుడు స్నేహితురాలు ఐరీన్ చెప్పిన మాట గుర్తొచ్చింది. "ఆ ఉచిత విజిట్‌లో మోకాలు నొప్పని నోరు జారానే, ఇంకో బిల్లేశారు. ఏమడిగినా బాగున్నాను అను. నోరు తెరిచావా, మీటరు తిరుగుతుంది." అందరూ తలలూపారు. లెంపి కూడా ఊపింది. ఊపి ఊరుకుందా? మార్చిలో ఆసుపత్రి ముందు ట్రక్కు ఆపి, "ఏమడిగినా బాగున్నాననే చెప్పు, గుర్తుందా?" అని మొగుడికి మరీ పాఠం చెప్పింది. ఈతగాడికి ఈత నేర్పినట్టు!

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కానీ అడిగితే ఒక బిల్లు, అడక్కపోతే ఇంకో బిల్లు వేసే అమ్మని ఏమనాలి? ఐరీన్ మీద, మెత్తగొంతు అమ్మాయి మీద, ఎక్కడో కూర్చుని మామూలు రక్తం వేరు, రోగిష్టి రక్తం వేరు అని తేల్చినవాళ్ల మీద, అందరి మీదా కలిపి ఆమె ఆ పిండిని గుద్దింది. ఆ పూట యాలకుల రొట్టె రాయిలా వచ్చింది. పక్షులకేసి, మర్నాటికి మళ్లీ కలిపింది.

శనివారం సౌనా, కాలిన రాళ్ల మీద నీళ్లు పోసి చేసే ఆవిరి స్నానం. పెళ్లిళ్లయి ఎవరి ఇళ్లు వాళ్లకున్నా, శనివారం సాయంత్రం పిల్లలిద్దరూ ఇక్కడికే వస్తారు. పెరట్లో ఆర్నీ తండ్రి కట్టిన చెక్క గది, లోపల పొయ్యి మీద కాలే రాళ్లు, మెట్లలా రెండు బల్లలు. ముందు మగవాళ్లు, తర్వాత ఆడవాళ్లు, ఆపైన అందరికీ కాఫీ. ఈ వరస మారదు.

లెంపి రొట్టె కోస్తోంది, కూతురు షెరిల్ కప్పులు పేరుస్తోంది. కొడుకు డేల్ తడిజుట్టుతో లోపలికొచ్చి, తువ్వాలు మెడచుట్టూ వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అప్పుడే అయిపోయిందా? మీ నాన్నేడి?"

"బట్టలు వేసుకుంటున్నాడు." డేల్ గొంతు తగ్గించాడు. "అమ్మా, నాన్న కింద బల్ల మీద కూర్చున్నాడు."

లెంపి చేతిలో కత్తి ఆగింది.

పై బల్ల ఆర్నీది. అక్కడ సెగకి చెవులు కాలతాయి. డేల్ చిన్నప్పుడు పందెం కట్టి పైన కూర్చుని, ఏడుపు ఆపుకుంటూ దిగిపోయేవాడు. ఆర్నీ ఇంకో చెంబుడు నీళ్లు రాళ్ల మీద గుమ్మరించి, "ఇప్పుడు కాస్త వెచ్చగా ఉంది," అనేవాడు. కింది బల్ల పిల్లలదీ, పట్నం నుంచి వచ్చిన చుట్టాలదీ.

"నీళ్లు కూడా పొయ్యలేదు. నన్నూ పొయ్యొద్దన్నాడు," అన్నాడు డేల్.

లెంపి చెప్పులు వేసుకుని పెరట్లోకి నడిచింది. బట్టలు మార్చుకునే ముందుగది తలుపు తోసింది. ఆర్నీ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి మేజోడు ఉంది. రెండోది చేతిలో ఉంది. వంగడానికి ఊపిరి పోగుచేసుకుంటున్నాడు.

సౌనాలో గొంతు పెంచకూడదు. చర్చిలో ఎలా ఉంటారో అక్కడా అలాగే ఉండాలని పుట్టగానే నేర్పే సంగతి అది. ఎంత కోపమొచ్చినా లెంపికి ఆ కట్టు దాటడం చేతకాలేదు. అందుకని గుసగుసగానే విరుచుకుపడింది.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏది?"

"మేజోడు నాకివ్వు. ఎన్నాళ్లనుంచని అడుగుతున్నాను!"

ఆర్నీ కూడా గుసగుసగానే అన్నాడు. "జింకల వేటప్పటి నుంచి. వేటకెళ్లానా, మెట్లెక్కి మంచె మీద కూర్చునేసరికి కాళ్లలో బలం లేదు. జింక కనిపించింది కూడా. దాన్ని కొడితే బండిదాకా ఎవడు లాగుతాడని వదిలేశాను."

"కనిపించలేదని చెప్పావు!"

"కనిపించిందంటే ఎందుకు కొట్టలేదని అడుగుతావుగా."

"అడుగుతాను! అడగడానికేగా ఉన్నాను!" ఆమె అతని పాదం ఒళ్లో పెట్టుకుంది. సౌనాలోంచి వచ్చిన కాలు, మంచు గడ్డలా ఉంది. మేజోడు మడమదాకా లాగింది. "నవంబరు నుంచీ! దుంగలు చీల్చకపోతే గొడ్డలి పిడి అన్నావు. మెట్ల మధ్యలో ఆగితే బూటు తాడన్నావు. డాక్టరు ఎదురుగా కూర్చుని అడిగితే..."

"నువ్వే చెప్పావుగా, బాగున్నాననమని."

"డాక్టరుకి చెప్పమన్నాను! నాకు చెప్పమన్నానా?"

గుసగుస కాస్తా పగిలి గొంతయింది. లెంపి నోరు చేత్తో మూసుకుంది. లోపల పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆర్నీ మేజోడు మడత సరిచేసుకున్నాడు.

"నీకు చెప్తే నిజమవుతుంది," అన్నాడు.

ఆ మాటకి కూడా ఆమెకు కోపమే వచ్చింది. ఏడుపు వచ్చే చోట ఎప్పుడూ ఆమెకు కోపమే వస్తుంది. "చెప్పకపోతే తగ్గిందా? నీ రక్తం నీకంటే నిజాయితీ గలది. సీసాలోకి వెళ్లగానే ఉన్నమాట చెప్పేసింది. నువ్వు బాగున్నానన్నావు కాబట్టి ఆ చెప్పినందుకు మనచేత డబ్బు కట్టించుకుంటున్నారు. ఇంత సిగ్గులేని లెక్క నేనెక్కడా వినలేదు. నువ్వు చచ్చేముందు వెళ్తే మాత్రం పైసా అడగరట. ఆ లాభం కోసం ఆగుతావా?"

ఆర్నీ పెదవులు కదిలాయి. "అంత లాభం మన వంశంలో ఎవరికీ రాలేదు."

"జోకులెయ్యకు."

"వెయ్యనులే." గోడ పట్టుకుని లేవబోయాడు. ఆమె భుజం ఇచ్చింది. ఎప్పుడూ వద్దనేవాడు, ఇప్పుడు అనలేదు. బరువు మోపాడు. ఆ బరువు పోయినేడు ఇంతకంటే ఎక్కువుండేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆ వారం ఆడవాళ్ల సౌనా జరగలేదు. ఎందుకని షెరిల్ అడగలేదు. రాళ్లు వాటంతటవే చల్లారాయి. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బిల్లు ఇంకా అక్కడే ఉంది. డేల్ దాన్ని చదివి, పెదవి విరిచి, తల్లివైపు జరిపాడు.

"ఏం చేస్తావమ్మా దీన్ని?"

"అప్పీలు పెడతాను," అంది లెంపి. "సంతకం ఉంది కాబట్టి మనదే తప్పంటారు, తెలుసు. కట్టాల్సే వస్తుంది. అయినా ఎవడో ఒకడు కూర్చుని నా మాటలు చదవాలి. చదివేవాడికీ ఒక తండ్రి ఉంటాడుగా."

"అమ్మ రాస్తే వాడు ఉద్యోగం మానేస్తాడు," అంది షెరిల్. ఎవరూ గట్టిగా నవ్వలేదు.

ఆర్నీ రొట్టె ముక్క కాఫీలో ముంచాడు. అది మెత్తబడి కప్పులోకి విరిగి పడేదాకా అలాగే పట్టుకున్నాడు.

"సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను," అన్నాడు, రేపు వానొస్తుందేమో అన్నంత మామూలుగా. "నాకు బాగాలేదు. అదే చెప్తాను."

షెరిల్ చేతిలోని పాలగిన్నె మెల్లగా బల్ల మీదికి దిగింది. ఆ మాట ఆ ఇంట్లో ఆ నోటినుంచి వాళ్లెవరూ ఎప్పుడూ వినలేదు.

డేల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నేను తీసుకెళ్తా, నాన్నా. సెలవు పెడతా."

"వద్దురా. మీ అమ్మ తీసుకెళ్తుంది," అన్నాడు ఆర్నీ. "లోపలికి కూడా వస్తుంది. అక్కడ కూర్చున్నాక నేను మళ్లీ బాగైపోతానేమో."