పంపు నీళ్ళలో బిళ్ళ

మా ల్యాబ్‌లో ఒక పద్ధతుంది. జెల్ కలిపేటప్పుడు ఒకరు తూస్తారు, ఇంకొకరు పోస్తారు. రెండు పనులూ ఒక్కరే చేస్తే పొరపాటు ఎవరి కంటా పడదని మా పెద్దాయన పెట్టిన నియమం అది. నాలుగేళ్ళుగా నేను తూస్తున్నాను, మా వదిన పోస్తోంది. నన్ను ఆ ఉద్యోగంలో చేర్పించిందీ, గాజు గొట్టం పట్టుకోవడం నేర్పిందీ తనే. అమ్మ తర్వాత అమ్మ అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ జెల్‌తో మేం చేసేది పుండు మీద అతికించే బిళ్ళ. చల్లగా ఉన్నంతసేపూ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటుంది. ఒంటి వేడి తగలగానే ముడుచుకుని లోపలి మందును బయటికి వదులుతుంది. సాయంత్రం ఇంటికెళుతూ అన్నయ్య కొట్టు దగ్గర ఆగితే, బాగుచేస్తున్న కుట్టుమిషన్ మీంచి తలెత్తి, "ఏమ్మా, ముడుచుకుందా?" అని ఆటపట్టించేవాడు. నాలుగేళ్ళుగా రోజూ అదే ప్రశ్న.

ఈసారి ఒకే ఒక్క పర్మినెంటు ఉద్యోగం పడింది. అది రానివాళ్ళు ఇంటికి పోవడమే. వదినా నేనూ ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఎవరి బిళ్ళ వాళ్ళు పెద్దాయన ముందు వేసి చూపించాలి.

"ఎవరికొచ్చినా మనింటికేగా," అంది వదిన. నిజమేననుకున్నాను.

నా బిళ్ళ కలిపిన రోజు జలుబుతో నా ముక్కు మూసుకుపోయింది. నేను తూచి ఇచ్చాను, వదిన పోసింది.

"నువ్వెళ్ళి కాస్త ఆవిరి పట్టుకోవే. మిగతాది నేను చూస్తాలే," అంది.

ఎంత ప్రేమో అని పొంగిపోయాను. పరీక్షకు ముందురోజు వేడిచేసి చూద్దామంటే నీళ్ళ సీసా కూడా తనే అందించింది.

"మన పంపు నీళ్ళే, ఇప్పుడే పట్టా."

బిళ్ళ బుద్ధిగా ముడుచుకుంది. ఆ పూట హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పెద్దాయన గోరువెచ్చటి పంపు నీళ్ళు రెండు గిన్నెల్లో తానే పోశాడు. వదిన బిళ్ళ చూస్తుండగానే ముడుచుకుంది. నాది వేశాను. ముడుచుకోవడం మాట దేవుడెరుగు, ఇంకా ఇంకా ఉబ్బుతూ పోయింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సర్లేమ్మా," అన్నాడు. అంతే, నా ఉద్యోగం గోవిందా.

వదిన పెద్దాయన గదిలో కాగితాల మీద సంతకాలు పెడుతుంటే, నేను అదే బిళ్ళను నిన్నటి సీసా నీళ్ళలో వేసి వేడిచేశాను. చక్కగా ముడుచుకుంది. ఆ నీళ్ళలో లిట్మస్ కాగితం ముంచితే ఎర్రబడింది. పంపు నీళ్ళు కావవి, పుల్లటి నీళ్ళు.

ఇక నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఆ జెల్‌లో కాస్త అక్రిలిక్ ఆమ్లం పడితే, మామూలు నీళ్ళలో అందులోని అణువుల గొలుసులకు ఒకే రకం విద్యుదావేశం వస్తుంది. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళు లోపలికి లాక్కుంటాయి. ఒంటి వేడికి లొంగవు. పుల్లటి నీళ్ళలో ఆ ఆవేశం ఉండదు గనక నంగనాచిలా ముడుచుకుంటాయి. ఆ ఆమ్లానికి ఘాటైన వాసన ఉంటుంది, నా జలుబు ఆవిడకు కలిసొచ్చింది. ఇదంతా నాకు ఒకప్పుడు విడమర్చి చెప్పింది కూడా ఆవిడే.

ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోయడం అంటే ఇదే. పెద్దాయనకు చెబితే ఓడిపోయిన అక్కసు అనుకుంటాడు. అన్నయ్యకు చెప్పాలి. చిన్నప్పుడు నా పెన్సిల్ ఎవరు లాక్కున్నా వాడి చెవి మెలిపెట్టి తెచ్చి ఇచ్చినవాడు. పెళ్ళామైనా సరే, అన్యాయం చేస్తే ఊరుకోడు. వదిన ఇంకా ఆ గదిలో ఉండగానే కొట్టుకు పరుగుపెట్టాను.

అన్నయ్య మిషన్ చక్రానికి నూనె వేస్తున్నాడు. గుమ్మంలో నిలబడ్డాను. కళ్ళు తుడుచుకున్నాను.

ఈసారి అన్నయ్య తలెత్తలేదు.

"ఉబ్బిందా?" అన్నాడు మెల్లగా.

నేనింకా ఏమీ చెప్పనే లేదు.