పాండు పుట్టు వెంట్రుకలు

మా చెల్లె సత్యమ్మ కొడుకు పాండుకు ఆరేళ్లు నిండినా పుట్టు వెంట్రుకలు తీయలేదు. తానే దగ్గరుండి బీచుపల్లి అంజన్నకు ఇప్పిస్తానని తండ్రి మొక్కుకున్నాడు. ఆ తండ్రి, మా బావ కురుమయ్య, కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రి లారీ ఎక్కి మహారాష్ట్ర డ్యాం పనికి పోయి రెండేళ్లు. పాండు జడ నడుముదాకా వచ్చింది.

ఆ జూన్‌లో గద్వాల మిషన్ బడిలో వాడికి సీటు దొరికింది. "మగపిల్లలకు జుట్టు కత్తిరించాలి. సోమవారం అట్లా తీసుకురండి, లేకపోతే సీటు వేరేవాళ్లకు ఇచ్చేస్తాం" అన్నది సిస్టరమ్మ. మా ఊరి సర్కారు బడి సారుకు జడ అడ్డం కాదు. కాని ఆయన వారంలో మూడు రోజులే బస్సు దిగేవాడు.

సత్యమ్మకు కుదురు లేదు. చేన్లో కొయ్యకాళ్లు ఏరుతూ ఏరుతూ లేచి నిలబడేది. "వీడు గూడ మేస్త్రి లారీనే ఎక్కాల్నా అన్నా?"

"మొక్కు మన అంజన్నకు, తొందర వాళ్ల ఏసయ్యకా?" అని ఆమె అత్త జోగులమ్మ దెప్పింది. "తండ్రి లేంది తీస్తరా యాడన్న?"

శనివారం పొద్దున సత్యమ్మ మా ఇంటికొచ్చింది. "మేనమామవు నువ్వున్నవు గద. నడువు." మూటలో బావ అంగీ పెట్టుకుంది.

బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున పాండును కూర్చోబెట్టాం. పక్కన బండ మీద ఆమె అంగీ పరిచింది. "మీ బావ కూసున్నట్టే అనుకో. మొదటి కత్తెర నీదే."

క్షవరం చేసే ముసలాయన వాడి తల తడిపి కత్తెర నాకిచ్చాడు. నేనొక పాయ పట్టుకున్నాను. స్నానం చేసి మెట్లెక్కుతున్న ఒక అవ్వ ఆగింది. అంగీని చూసింది, తడిసిన తలను చూసింది.

"అయ్యో బిడ్డా, ఎన్నొద్దులాయె మీ ఆయన పోయి?"

సత్యమ్మ అంగీ గుంజుకుని చంకలో పెట్టుకుంది. "ఉన్నడు! నా మొగుడు ఉన్నడవ్వా! పనికి పోయిండు!"

అవ్వ చెంపలేసుకుంది.

"కత్తెర దించు అన్నా."

"మరి సీటు?"

"పోనీ."

"ఆయనతోనే రాండ్రి. నేను యాడికీ పోను" అన్నాడు ముసలాయన.

బస్సులో కడ్డీ మీద ఆమె వేళ్లు ఊరొచ్చేదాకా ఆడుతూనే ఉన్నాయి. ఆ సీటు నా చేతిలోంచే జారినట్టు నాకూ మనసున పట్టలేదు.

సోమవారం సర్కారు బడి సారు పేరు రాసుకున్నాడు. "జుట్టుదేముందమ్మా, పిల్లగాడొస్తే చాలు."

"పిల్లగాడొస్తడు సారు. మీరొస్తరా?"

సారు నవ్వాడు. మంగళవారం రాలేదు. తాళం వేసిన తలుపు ముందు సత్యమ్మ కూలికి పోకుండా పాండుతో కూర్చుంది. పదకొండింటి బస్సు పోయింది, రెండింటి బస్సు పోయింది. నేను సద్ది తీసుకుపోతే పాండు తిన్నాడు, ఆమె తినలేదు.

"గిట్ల ఎన్ని దినాలు కూసుంటవే?"

"మరి యాడికి పోవాలె అన్నా? నాకు ఇంకో బడి ఉన్నదా?"

బుధవారం తొమ్మిదింటి బస్సు ఆగింది. సారు దిగి, మెట్టు మీద ఇద్దరినీ చూసి, తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.

"జర లెవ్వమ్మా, తలుపు తియ్యాలె."

సత్యమ్మ లేచి పక్కకు జరిగింది.

"రేపు గూడ ఈడనే ఉంట సారు."