సున్నం అంటిన కాళ్ళు

చింతామణిలో వెంకటరాయప్ప ఇంటి గుమ్మం ముందు చెప్పులు విడుస్తూ, చెప్పబోయే అబద్ధాన్ని పురుషోత్తమ్ మరోసారి మనసులో తిప్పుకున్నాడు. పిల్ల దొరకలేదు, జాడ తెలియలేదు. అంతే. పిల్ల ఫోటో తిరిగి చేతిలో పెట్టి, ఈ పని నావల్ల కాదని చెప్పి, వెంటనే చిక్కబళ్ళాపురం బస్సెక్కాలి.

చిక్కబళ్ళాపురం బస్టాండు ఎదుట, ఫోటో స్టూడియో మిద్దె మీద అతని ఆఫీసు. బోర్డు మీద ప్రైవేట్ డిటెక్టివ్ అని ఉంటుంది గానీ వచ్చేవన్నీ పెళ్ళి విచారణలే. అబ్బాయి తాగుతాడా, అమ్మాయి ఎవరితోనైనా తిరిగిందా. అతని మాట వల్ల చెడిపోయిన సంబంధాలు ఎన్నో. కొన్ని ఊళ్ళలో అతను కనబడితే ఆడవాళ్ళు ఉమ్మేసేవారు. వెంకటరాయప్ప మాత్రం ఆఫీసుకు వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కూతురు వినుత కులం కానివాణ్ణి పెళ్ళాడి ఇల్లు వదిలిపోయింది, వాళ్ళమ్మ అంబుజమ్మ అన్నం ముట్టడం లేదు, బిడ్డను ఒక్కసారి చూస్తే చాలు అన్నాడు. పురుషోత్తమ్ నమ్మాడు.

ఆ రోజు పొద్దునే, బాగేపల్లి అవతల, ఆంధ్రా సరిహద్దుకు దగ్గరి చాకవేలులో, వినుత దొరికింది. చెన్నమ్మ అనే రైతమ్మ పట్టుపురుగుల ఇంట్లో మొగుడూ పెళ్ళాలు కూలికి చేరారు. మల్బరీ ఆకు బేరానికి వచ్చినవాడిలా పురుషోత్తమ్ వాకిట్లో నిలబడ్డాడు.

"ఏయ్! కాళ్ళు!" అని అరిచింది చెన్నమ్మ. "ఊరంతా తొక్కొచ్చిన కాళ్ళతో లోపలికి వస్తే నా పురుగులు ఏం కావల్ల? నీ పెండ్లాం వచ్చి సాకుతుందా?"

అప్పటికే అతను గడప దగ్గరున్న తొట్టిలో కాళ్ళు ముంచుతున్నాడు. సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు. అతను పుట్టింది కూడా పురుగుల ఇంట్లోనే. పురుగుకు రోగం తగలకూడదని, నడక వచ్చిన నాటి నుంచి వాళ్ళమ్మ చేయించిన పని. ఆలోచించనక్కరలేదు, కాళ్ళు వాటంతట అవే ముందుకు పోతాయి.

లోపల తట్టల మీద పురుగులు ఆకు తింటుంటే వాన కురుస్తున్నట్టుంది. వినుత అతన్ని ఒక్క చూపు చూసి ఆకు మోపు దించేసింది.

"ఆకు కొనేటోనివి కాదు నువ్వు. మా నాయన పంపినాడా?"

అతను తల వంచాడు.

"చూసినావు కదా, పోయి చెప్పుకో. మా అన్న కొడవలి పట్టుకొని నా స్నేహితురాలి ఇంటి మీదికి పోయినాడంట. నేను యాడుండానో చెప్పమని ఆ పిల్ల మెడ మీద పెట్టినాడంట. అది చెప్పలేదా నీకు మా నాయన?"

చెప్పలేదు. పురుషోత్తమ్, "ఇప్పుడే పొండి. ఇద్దరూ. ఆంధ్రాలోకి పొండి" అన్నాడు.

"నాలుగో జ్వరం లేసినాయప్పా." పురుగు పొర విడిచే నిద్రను వాళ్ళు జ్వరమంటారు. నాలుగోది లేచాక గూడు కట్టేదాకా తిండే తిండి. "ఇప్పుడు ఆకు తప్పితే అన్నీ సస్తాయి. ఊరూ పేరూ అడక్కుండా చోటిచ్చింది ఆ చెన్నమ్మవ్వ. గూడు కట్టినాక పోతాం. అంతవరకు నీ నోరు మూసుకుంటే చాలు."

మూసుకుంటానని మాటిచ్చి బస్సెక్కాడు. ఫోనులో చెబితే అనుమానం రావచ్చని, ఎదుట కూర్చుని చెబితేనే నమ్ముతారని, నేరుగా ఈ ఇంటికి వచ్చాడు.

నట్టింట్లో వెంకటరాయప్ప, అతని కొడుకు అమర్ కూర్చుని ఉన్నారు. వంటింటి గడప దగ్గర అంబుజమ్మ నిలబడింది.

"దొరకలేదప్పా. బాగేపల్లి దిక్కంతా తిరిగినాను. ఇంక నావల్ల కాదు."

"ఇన్నాళ్ళు తిరిగి ఇదా చెప్పేది?" అన్నాడు అమర్. "డిటెక్టివంట! కుక్కనిడిస్తే ఇంతకంటే బాగా వెతికేది."

వెంకటరాయప్ప కొడుకును చేత్తో ఆపాడు. అతను పురుషోత్తమ్ మొహం చూడటం లేదు. కాళ్ళు చూస్తున్నాడు. వేళ్ళ సందుల్లో, మడమల చుట్టూ, సున్నం తెల్లగా ఎండిపోయి ఉంది.

"పురుగుల ఇంట్లోకి పోయొచ్చినావే" అన్నాడు మెల్లగా.

పురుషోత్తమ్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. వెంకటరాయప్ప నడిపేది చాకీ కేంద్రం. గుడ్లు పొదిగించి, పిల్లపురుగులను రెండో జ్వరం దాకా సాకి రైతులకు అమ్ముతాడు. ఆ తెలుపు ఏమిటో అతనికి ఒకరు చెప్పాలా?

"వేరే పని మీద పోయినానప్పా. తొండేభావిలో."

"తొండేభావికి ఈ తడవ పురుగు ఇచ్చినోడే లేడు. ఆ దిక్కు ఇచ్చేది నేను." వెంకటరాయప్ప నవ్వాడు. "అమరా, తలుపెయ్."

అమర్ తలుపు గడియపెట్టి, పురుషోత్తమ్ జేబులోంచి ఫోను లాగి బల్ల మీద పడేశాడు. వెంకటరాయప్ప బాగేపల్లి చాకీ కేంద్రం గంగాధరప్పకు ఫోన్ చేశాడు. ఒకే పని చేసుకునేవాళ్ళు మాట్లాడుకునే మామూలు మాటలే.

"ఏమప్పా గంగాధరప్పా, బాగుండావా? మీ దిక్కు నాలుగో జ్వరం లేసి, కూలోళ్ళు కావల్సిన పురుగు యాడుండాది? ఆఁ... ఆఁ... కూలికి కొత్తగా మొగుడూ పెండ్లాలు ఎవురన్నా చేరినారా? చాకవేలు చెన్నమ్మ కాడనా? సరే, సరేప్పా. ఊరికే అడిగినా."

అమర్ లేచాడు. పురుషోత్తమ్ అడ్డం పడితే మోచేత్తో మొహం మీద కొట్టాడు. లేచేసరికి కారు వీధి దాటిపోయింది. కిటికీ దగ్గరికి పరుగెత్తి, "పిల్లను చంపేదానికి పోతాండారు! పోలీసులకు ఫోన్ చేయండి!" అని గొంతు చించుకుని అరిచాడు. ఎదురింటి మునియప్ప అరుగు మీద నుంచి తలెత్తి చూశాడు. తర్వాత లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

"అరుచుకో" అన్నాడు వెంకటరాయప్ప, తలుపుకు వీపు ఆనించి. "ఈ వీధిలో ఎవుడూ నా మాట దాటడు."

గంటకు పైగా గడిచింది. అంబుజమ్మ కదల్లేదు. ఒక్కసారి మాత్రం, "వద్దని చెప్పు వానికి" అంది. మొగుడు వినబడనట్టే ఉన్నాడు.

ఫోను మోగింది. వెంకటరాయప్ప విన్నాడు. "దాని మొగుడు? తప్పించుకున్నాడా? ...పోతే పోనీ" అని పెట్టేసి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నీళ్ళు కాంచు. తలకు పోసుకోవల్ల."

చావు కబురు విన్నవాళ్ళు చేసే స్నానం. అంబుజమ్మ స్నానాలగదిలోకి పోయింది. పెద్ద హండా బోర్లా పడిన చప్పుడు వినిపించింది. నీళ్ళు గడప దాటి నట్టింట్లోకి పారాయి. ఆమె వచ్చి గది వాకిలికి అడ్డంగా ఆ తడిలోనే కూర్చుంది.

"పోసుకోనీను" అంది. "ఆ పాపంతోనే ఉండు. నీకూ లేదు నీళ్ళు, వాడొస్తే వానికీ లేదు."

వెంకటరాయప్ప ఆమె జుట్టు పట్టుకుని లాగాడు. ఆమె వాకిలి చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. బల్ల దగ్గర ఎవరూ లేరు. పురుషోత్తమ్ ఫోను తీసుకుని పోలీసులకు చేశాడు. పిల్ల పేరు, ఊరి పేరు, తండ్రి పేరు, అన్న పేరు చెప్పాడు.

ఆమెకు మీరేమవుతారని అవతలివాడు కన్నడంలో అడిగాడు.

"కనిపెట్టినోణ్ణి సార్" అన్నాడు పురుషోత్తమ్.