జోయెల్ కారు సాక్ష్యం

కారు కొన్న కొత్తలో జోయెల్ ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. మాదన్నపేటలోని ఆ చిన్న చర్చిలో అది మామూలే. జ్వరం తగ్గినా, పిల్లకు కాలేజీలో సీటొచ్చినా, బోరులో నీళ్లు పడినా నలుగురి ముందు లేచి దేవునికి వందనాలు చెప్పుకుంటారు. కిందటి వారమే కళావతమ్మ తన బోరు గురించి చెప్పి కళ్లు తుడుచుకుంది. ఈసారి జోయెల్ మైకు అందుకున్నాడు.

"మా ఇంటోళ్లందరం మెదక్ దాక పోయి వచ్చినం. బండి ఏడ ఆగలె, ఏడ సతాయించలె. దేవుడు మాకు నమ్మకమైన బండి ఇచ్చిండు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

అప్పటికి కారు కొని నెల కూడా కాలేదు. చెప్పిన రోజున అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తొందరపడ్డాడు, అంతే. ఒక పూట జ్వరం తగ్గగానే మందులు మానేసేవాళ్లది కూడా ఇదే తొందర.

ఆ కారు చూడ్డానికి జీపులా ఎత్తుగా ఉంటుంది, లోపల చిన్నకారంత ఇరుకు. షోరూమ్ వాళ్లు దాన్ని క్రాసోవర్ అన్నారు. గల్లీ వాళ్లు జోయెల్ జీపు అన్నారు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా ఊరి గతుకులన్నీ మోటార్ సైకిల్ మీద మోసినవాడు కాబట్టి, ఆ ఎత్తు చూసే మనసు పారేసుకున్నాడు.

ఎండలు ముదిరాక అసలు గుణం బయటపడింది. ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నత్తనడకన పోతుంటే డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగేది, ఇంజన్ ఆగిపోయేది. బానెట్ ఎత్తి కాసేపు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. సర్వీసింగ్‌కు తీసుకెళ్తే అక్కడ కొత్తల్లుడిలా ఎక్కడలేని బుద్ధి చూపించేది. "కంప్యూటర్ల ఏ తప్పు కనిపిస్తలేదు సార్" అని వాళ్లు తుడిచి అప్పజెప్పేవారు. కంప్యూటరుకు కనిపించని తప్పును జోయెల్, అతని భార్య షారోన్ నడిరోడ్డు మీద చెమటలు కక్కుతూ పక్కకు నెట్టేవారు.

చర్చిలో ఎవరైనా బండెట్లుందని అడిగితే మాత్రం "ఫస్ట్ క్లాస్" అనేవాడు.

"దేవుని పేరు మీద చెప్పినవు. ఇంకెన్ని దినాలు దాస్తవు?" అంది షారోన్ ఒకరోజు.

"ఎవ్వరికి నష్టం లేదు కద" అన్నాడు జోయెల్. నిజంగానే అప్పటికి ఎవరికీ నష్టం లేదు.

ఆ తర్వాత డానియేలు ఇంటికొచ్చాడు. సంఘంలో పెద్దమనిషి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. భార్య పుష్పమ్మకు కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటో కుదుపులకు ఆమె ప్రాణం పోయి వస్తోందట.

"నీ బండిసొంటిదే కొంట తమ్మీ. సోమవారం పోయి బుక్ చేస్త. నీ సాక్ష్యం ఇన్నంక ఇంక ఎవర్ని అడగాలె? ఒక్కసారి మీ వదినెను కూసోబెట్టి చూపిస్తే సాలు" అన్నాడు.

బండి ఆగుతోందని జోయెల్ అప్పుడూ చెప్పలేదు. అంతలో ఒక ఉపాయం తట్టింది. శనివారం మిట్టమధ్యాహ్నం, సంఘం భోజనాలు వండే బగోనెలు కొనే నెపంతో ఇద్దరినీ బేగంబజార్ తీసుకెళ్తాడు. ఆ ఎండకు, ఆ రద్దీకి బండి ఆగి తీరుతుంది. తన నోటితో చెప్పే అవసరం లేకుండా బండే చెప్పుకుంటుంది.

శనివారం ఏసీ ఫుల్‌గా పెట్టాడు. దారుల్‌షిఫా దగ్గర ట్రాఫిక్ అడ్డం పడింది. బండి ఆగలేదు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు వెనక పాకింది. ఆగలేదు. బేగంబజార్‌లో తోపుడుబండ్లు, మూటల హమాలీలు, అడ్డదిడ్డంగా ఆటోలు. జోయెల్ ఎర్రలైటు కోసం చూస్తూ లోపల్లోపల ప్రార్థన కూడా చేశాడు. ప్రభువా, ఒక్కసారి ఆపు. పాడు బండి ఆ రోజు వెన్నలా నడిచింది.

"మస్తు బండి తమ్మీ" అన్నాడు డానియేలు మెల్లగా. "మీ వదినె ఎన్నడు పగటి పూట నిద్రపోదు. సూడు."

జోయెల్ అద్దంలో చూశాడు. వెనక సీట్లో పుష్పమ్మ నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది. డయాలసిస్ సూది గుచ్చిన చేతికి కట్టు ఇంకా అలాగే ఉంది. తను ఇంతసేపూ దేవుణ్ని ఏం అడుగుతున్నాడో అప్పుడు తెలిసొచ్చింది. ఆ మనిషిని ఈ ఎండలో రోడ్డు మీద నిలబెట్టమని అడుగుతున్నాడు. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. బండిని ఒక గోదాము నీడకు తెచ్చి నిలిపాడు.

"ఏంది తమ్మీ, ఆగిందా?" అన్నాడు డానియేలు.

"ఆగలె అన్నా. నేనే ఆపిన."

ఆపి, అంతా చెప్పాడు.

"మరి ఆ సాక్ష్యం?"

"చెప్పిననాడు నిజమే అన్నా. తర్వాత కాలె. మళ్ల లేచి చెప్పనీకి మొఖం చెల్లలె."

డానియేలు దిగి, వెనక తలుపు తీసి, భార్యను మెల్లగా లేపాడు. "ఏమనుకోకు తమ్మీ. ఇప్పుడు గిట్ల ఆగితే ఈమెను పట్టుకొని నేనేడ నిలబడాలె?" అని ఆటో పిలిచాడు. ఆ మాటలో కోపం లేదు. కోపమున్నా బాగుండుననిపించింది జోయెల్‌కు.

ఎదురుగా ఆటో గతుకులో పడి లేస్తూ పోయింది. పుష్పమ్మ తల ఊగడం అతను మలుపు దాకా చూశాడు. ఇంటికి ఒక్కడే వచ్చాడు. బండి దారిలో కూడా ఆగలేదు.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల వేళ అతను లేచాడు. మైకు అందుకున్నాడు.

"నా బండి గురించి ఇంతకుముందు ఒక మాట చెప్పిన. ఆ బండి ఆగుతది. ఎండల, ట్రాఫిక్‌ల ఆగుతది. చాన సార్లు ఆగింది. నేను దాసిన. నా మాట ఇని ఎవ్వరు కొనొద్దు" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇలాంటి దానికి ఏమనాలో ఎవరికీ తెలియదు. పాస్టరు కూడా పుస్తకంలో ఏదో వెతుక్కున్నాడు. షారోన్ తల ఎత్తి భర్తనే చూస్తోంది.

ఆడవాళ్ల వైపు నుంచి నీరసంగా, కానీ అందరికీ వినబడేలా ఒక గొంతు వచ్చింది.

"ఆమెన్" అంది పుష్పమ్మ.

జోయెల్ కూర్చోబోతుంటే వెనక వరుసలో కళావతమ్మ లేచింది. కొంగు సర్దుకుని, మైకు ఇటివ్వమని చెయ్యి చాపింది.

"మా బోరు గూడ ఎండింది" అంది.