వర్ధనమ్మగారి పంటి సందులో తొమ్మిది నెలలు

నేను ఒక స్ప్రింగును. పెన్నులో ఉండేదాన్ని కాదు, అంత పొడుగు నాకు లేదు. బియ్యపు గింజలతో కలిపితే ఏరలేరు. ఏ ఫ్యాక్టరీలోనో మీటర్ల కొద్దీ చుట్టి అమ్మేశారు. తణుకులో పళ్ళ డాక్టరు లహరి నన్ను ముక్కగా కత్తిరించి, అణిచిపట్టి, వర్ధనమ్మగారి పై దవడలో రెండు పళ్ళ మధ్య, వాటికి బిగించిన తీగకు గుచ్చింది. అణిస్తే ఊరుకునే రకాన్ని కాదు నేను. అదే నా ఉద్యోగం.

ఆ రెండింటి మధ్య ఒకప్పుడు ఇంకో పన్ను ఉండేదట. ఆవకాయ రోజుల్లో వర్ధనమ్మగారు కాయ కొరికి, టెంక ముదిరిందని తల ఊపాకే వీధి వీధంతా కొనేది. ఆరేళ్ళ కిందట ఒక టెంక ఆ పన్నునే పొట్టనపెట్టుకుంది. పక్కవాడు బస్సు దిగితే కాళ్ళు చాపుకున్నట్టు, అటుదీ ఇటుదీ ఖాళీలోకి ఒరిగిపోయాయి. కొత్త పన్ను నాటడానికి చోటు లేకుండా పోయింది. పెద్దరికం ఎదురింటి సత్యవేణికి పోయింది. ఆవిడ కాయను గోటితో గిచ్చి తీర్పు చెబుతుంది. వర్ధనమ్మగారు పన్ను పోయినందుకు ఏడవలేదు గానీ, ఆ తీర్పులు వినలేక ఏడ్చారు.

తొమ్మిది నెలలు ఆ ఇద్దరు బద్ధకస్తులనూ చెరోవైపుకూ నెట్టాను. మిరపకాయ బజ్జీలు నా నెత్తి మీద నుంచే వెళ్ళాయి. కందిపప్పు ఇరుక్కుంటే తిట్లు నాకే. ఎట్టకేలకు, వచ్చే సోమవారం పన్ను నాటుదామంది డాక్టరమ్మ. అందాకా గట్టివి కొరికి తీగ ఊడగొట్టుకుంటే చోటు మళ్ళీ మూసుకుపోతుందని హెచ్చరించింది.

శుక్రవారం మామిడికాయల బండి వచ్చింది. సత్యవేణి ఒక కాయను గిచ్చి, "టెంక ముదర్లేదు. తీసుకుపోవయ్యా" అంది.

వర్ధనమ్మగారు అరుగు దిగారు. "ముదిరినవే. రంగు చూస్తే తెలీడం లేదా అండీ?"

"రంగు ఎవరైనా చూస్తారు వదినగారూ. కొరికి చెప్పండి."

అనకూడని మాట. బండివాడు కాయను రెండు చెక్కలు చేసి ఇచ్చాడు. చెంపకు గుచ్చుకుని మరీ వద్దన్నాను, వింటేగా. కటుక్కుమంది. పంటికి అతికించిన బిళ్ళ ఊడి, దాన్ని పట్టుకున్న తీగ తెగింది. నేను ఎగిరి కాయల గుట్టలో పడ్డాను.

వీధిలో ఆడవాళ్ళందరూ ఒక్కో కాయా పొడిగుడ్డతో తుడిచి మరీ నాకోసం వెతికారు. తొమ్మిది నెలలూ గంగపాలయ్యాయని వర్ధనమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడ్డారు. నన్ను పట్టుకున్నది సత్యవేణే. కుంకుమ భరిణెలో వేసుకుని, ఆవిడను ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ రెండు పళ్ళ మధ్య ఖాళీ కొలిచింది. "ఏడు మిల్లీమీటర్లు. సరిపోయింది. మూడు రోజుల్లో మూసుకుపోదు. సోమవారం రండి. ఈ స్ప్రింగుతో ఇక పనిలేదు" అని నన్ను చెత్తబుట్టలో వేసింది. శాలువా కప్పుతారని నేనూ అనుకోలేదు లెండి.

నోట్లో దూది ఉండడంతో వర్ధనమ్మగారు చేతులతో కాయ ఆకారం చూపించి, సత్యవేణిని ఏదో అడిగారు.

"బండిని ఉండమన్నానండీ. అందరం తీసుకుంటాం" అంది సత్యవేణి. "తీగనే తెంపిన టెంక లేతదెలా అవుద్ది? తప్పు నాదే. మీ కాయలు కూడా నేనే కొట్టించి ఉంచుతాను. మీరు సోమవారం దాకా నోరు మాత్రం తెరవకండి."

వర్ధనమ్మగారు దూదితోనే నోరంతా తెరిచి నవ్వారు. పళ్ళ వరసలో ఆ ఖాళీ ఎంత ముచ్చటగా ఉందో మీరు చూడాల్సింది. అది నా చేతిపని.